తుర్క్‌మెన్‌లో ఆ ‘మెన్’ ఎవరండి? మా అమ్మాయి చార్టు ఆగిపోయింది

రాజోలు గేట్లు (శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్కారమండి. నాది రాజోలు దగ్గర పల్లెటూరు. వెల్డింగు షాపు ఉంది. గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు చేస్తాను. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది, అడగడంలో తప్పుంటే సర్దుకోండి.

మా అమ్మాయిది ఎనిమిదో తరగతి. బళ్ళో చీటీలు వేసి తలా ఒక దేశం ఇచ్చారు. ఆ దేశానికి పేరెలా వచ్చింది, జెండా ఎలా ఉంటుంది, అక్కడి మనుషులెవరు అని చార్టు రాసుకురావాలి. పక్కింటి పిల్లకి జపాన్ వచ్చింది. మాదానికి తుర్క్‌మెనిస్తాన్ తగిలింది. ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. నేనేమో ఎగిరి గంతేశాను, ఎందుకంటే ఆ దేశం మనిషితో నేను నాలుగేళ్ళు ఒకే గదిలో పడుకున్నాను.

అబుదాబిలో లేబర్ క్యాంపు. గదికి నలుగురం. ఆయన డ్రైవరు, మారీ అనే ఊరు. వచ్చిన మొదటిరోజు నేను చనువుగా ‘టర్కీ భాయ్’ అన్నాను. అంతే, మూడు రోజులు నా మొహం చూడలేదు. నాలుగోరోజు టీ కలుపుతూ ఆయనే ఎత్తాడు. ‘టర్కీ వేరు, నేను వేరు’ అని గుండెల మీద వేలు పెట్టుకుని ‘మెన్ తుర్క్‌మెన్’ అన్నాడు. వాళ్ళ భాషలో మెన్ అంటే ‘నేను’ అట. కాబట్టి తుర్క్‌మెన్ అంటే ‘నేను తుర్కుని’ అని వాళ్ళ నాన్న చెప్పాడట. సరే భాయ్, తప్పయిపోయింది అన్నాను.

అయినా అసలు స్నేహం కుదిరింది దానివల్ల కాదు, గ్యాసు వల్ల. ఒకరోజు ఫోన్‌లో వీడియో చూపించాడు. ఎడారి మధ్యలో పెద్ద గొయ్యి, దాన్నిండా మంటలు. దర్వాజా అంటారట ఆ చోటుని. 1971 నుంచి మండుతూనే ఉందని చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. మాకూ ఒకటుందయ్యా అని మా దగ్గరి పాశర్లపూడి గ్యాసు బావి సంగతి చెప్పాను. 1995 జనవరి, నేను ఆరో తరగతి. బ్లోఔట్ అయిన రోజు నుంచి, అంటే బావిలోంచి గ్యాసు ఎగదన్ని అంటుకున్న రోజు నుంచి, రాత్రిళ్ళు మా డాబా మీద నుంచి చూస్తే ఆకాశం సగం ఎర్రగా ఉండేది. ఆ సంక్రాంతికి భోగిమంట ఎవరికీ ఆనలేదు. 65 రోజులు మండింది. అంతా విని ఆయన ‘ఓస్, మీది ఆరిపోయిందా? మాది ఇంకా ఆరలేదు’ అన్నాడు, అదేదో కోడిపందెం గెలిచినట్టు. అప్పట్నుంచి మా ఇద్దరికీ పడింది. ఇప్పటికీ ఐఎంఓలో మాట్లాడుకుంటాం.

ఇప్పుడు గొడవేమిటంటే, నేను షాపు నుంచి వచ్చేలోపే మా అమ్మాయి చార్టు మీద ఎర్ర స్కెచ్చుతో ‘తుర్క్‌మెన్ అంటే టర్కీ మగవాళ్ళు’ అని రాసేసింది. ఇంగ్లీషులో మెన్ అంటే మగవాళ్ళే కదా నాన్నా అంటుంది. కాదమ్మా, ‘నేను తుర్కుని’ అని నేను. తురక మానవుడు, మానవుడే మాన్ అయ్యాడు అని మా బావ. అదీ కాదు, ‘ఈమాన్ ఉన్న తుర్కు’, అంటే మత విశ్వాసం ఉన్న తుర్కు అని ఎక్కడో చదివానని మా తమ్ముడు. ఒక్క ఇంట్లో నాలుగు అర్థాలు. ఇంకో డౌటు కూడా, ఒక్కడైతే తుర్క్‌మాన్, ఇద్దరైతే తుర్క్‌మెనా? సోమవారం చార్టు ఇవ్వాలి. తెలిసినవాళ్ళు చెప్పండి బాబూ.

కాలవగట్టు (శుక్రవారం రాత్రి)

మీ బావగారి లెక్క బాగుందండి. ఆ ప్రకారం జర్మన్ అంటే జర్రున జారిపోయే మనిషి, రోమన్ అంటే ఒంటినిండా రోమాలున్న మనిషి. నాకు తెలిసింది సగమే, ‘స్తాన్’ మాత్రం మన స్థానమే. అది పారశీకం మాట, సంస్కృతానికి చుట్టం. మిగతాది భీమవరం పంతులుగారు చూస్తే చెప్తారు, ఆయనకి నిద్ర పట్టదు.

పాత పంతులు, భీమవరం (శనివారం తెల్లవారుజామున)

నిద్ర పట్టని మాట నిజమే.

అమ్మాయి రాసింది ముందు కొట్టెయ్యండి. అది ఇంగ్లీషు మాటే కాదు, కాబట్టి మగవాళ్ళూ లేరు, ఏకవచనం బహువచనం గొడవా లేదు. ఒకడైనా తుర్క్‌మెనే. ఎక్కువమందైతే వాళ్ళ భాషలో చివర ‘లెర్’ చేరుతుంది, తుర్క్‌మెన్‌లెర్ అంటారు. మనం ‘లు’ తగిలించుకుంటాం. చార్టు మీద తుర్క్‌మెన్‌లు అని రాస్తే చాలు. తుర్క్‌మాన్, తుర్కోమాన్ అని పాత పుస్తకాల్లో కనిపించేవి ఇదే పేరుకి పారశీకుల నోట, యూరప్ వాళ్ళ నోట వచ్చిన రూపాలు.

ద్రాక్షారామం వెళ్ళి ద్రాక్షతోట ఎక్కడని అడిగితే ఎలా ఉంటుంది? ఊరివాళ్ళు దక్షుడి కథ చెప్తారు. చెవికి వినబడేది ఒకటి, మాట వచ్చిన దారి ఇంకొకటి. తుర్క్‌మెన్ అనే పేరుకి వెయ్యేళ్ళుగా ఇదే జరుగుతోంది. ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో విన్నారు.

ఈ పేరు ముస్లిం రచయితల పుస్తకాల్లో పదో శతాబ్దం చివర కనిపించడం మొదలవుతుంది. అల్ ముఖద్దసీ అనే భూగోళ రచయిత మధ్య ఆసియా సరిహద్దు ఊళ్ళ గురించి రాస్తూ, ఇస్లాం పుచ్చుకున్న తుర్క్‌మెన్‌ల ప్రస్తావన తెచ్చాడు. మన దేశం గురించి అంత రాసిన అల్ బిరూనీ ఉన్నాడు కదా, ఆయనా అదే పంథాలో చెప్పాడు. ఒఘుజ్ అనే తుర్కు తెగల్లో ముస్లింలైనవాళ్ళని తుర్క్‌మెన్ అనేవారని. మీ తమ్ముడు చెప్పిన ‘ఈమాన్’ అర్థం ఈ నేల మీద మొలిచిందే. మతం మారినవాళ్ళకి పేరు అంటుకుంది కనక పేరులోనే విశ్వాసం ఉందని తర్వాతి చరిత్రకారులు కొందరు విడగొట్టి చూపించారు. వినడానికి బాగుంటుంది, మాటల లెక్కలో నిలవదు.

ఇక కాష్గరీ. 1070లలో బాగ్దాద్‌లో కూర్చుని తుర్కు భాషలకి అరబ్బీలో పెద్ద నిఘంటువు రాసిన మహానుభావుడు. తనూ తుర్కే. ఆయన చెప్పిన కథలో అలెగ్జాండర్ వస్తాడు. ఈ మనుషుల్ని చూసి ‘తుర్క్ మానంద్’ అన్నాడట, అంటే పారశీకంలో ‘తుర్కుల్లా ఉన్నారే’ అని. అలెగ్జాండర్ పారశీకంలో ఎందుకు మాట్లాడాడని అడక్కండి. అసలు ఆయన కాలానికి తుర్క్ అనే పేరుతో మనకి తెలిసిన జనమే లేరు. మంగోలియాలో దొరికిన ఓర్ఖోన్ శాసనాల్లో తుర్కులు తమను తాము తుర్క్ అని చెప్పుకున్నది ఎనిమిదో శతాబ్దంలో. అలెగ్జాండర్ పోయి అప్పటికి వెయ్యేళ్ళు దాటింది.

14వ శతాబ్దం మొదట్లో ఇరాన్‌ని ఏలిన మంగోలు రాజుల దగ్గర మంత్రిగా ఉన్న రషీదుద్దీన్ ఈ ‘మానంద్’నే తీసుకుని అలెగ్జాండర్ని పక్కనపెట్టాడు. ఒఘుజ్‌లు పడమటికి వచ్చి స్థిరపడ్డాక నీరూ గాలీ మారి మొహాలు అక్కడ పారశీకం మాట్లాడే తాజిక్కుల మొహాల్లా అయ్యాయనీ, అందుకే తాజిక్కులు వీళ్ళని ‘తుర్కుల్లాంటివాళ్ళు’ అన్నారనీ రాశాడు. గోదావరి నీళ్ళు తాగితే మాట మారుతుందంటారు చూడండి, ఆ మోస్తరు వాదన.

నా ఓటు వేరే దానికి. ‘మెన్’ లేదా ‘మాన్’ అనేది తుర్కు భాషల్లోనే ఉన్న ప్రత్యయం, ముందున్న మాటకి బలం ఇస్తుంది. టర్కీ భాషలో కొజ అంటే పెద్ద, కొజమాన్ అంటే బ్రహ్మాండమైన. మనం నడుమ అంటే చాలక నట్టనడుమ అంటాం, చివర అంటే చాలక చిట్టచివర అంటాం. అలాగే తుర్క్ అంటే చాలక తుర్క్‌మెన్. అసలు సిసలు తుర్కు అన్నమాట. జాన్ దెనీ అనే ఫ్రెంచి పండితుడు ఈ మాట గట్టిగా చెప్పాడు. ఇప్పుడు ఎక్కువమంది భాషావేత్తలు ఇటే ఉన్నారు. ఒకచోట మాన్, ఒకచోట మెన్ ఎందుకంటే, ముందున్న అచ్చుని బట్టి వెనకది మారడం ఆ భాషల అలవాటు. మనం ఇంటికి అంటాం, చెట్టుకు అంటాం. కి ఎందుకు, కు ఎందుకు అని ఎప్పుడైనా ఆలోచించామా? అదే.

మీ స్నేహితుడి ‘నేను తుర్కుని’ని కూడా కొట్టిపారెయ్యను. మెన్ అంటే నేను అన్నది ఆయన భాషలో నిజం. కానీ ఒక జాతికి పొరుగువాళ్ళందరూ వాడే పేరు ‘నేను ఫలానా’ అనే వాక్యంలోంచి పుట్టడం కష్టం. పేరు ముందు వచ్చింది, ఆ అర్థం తర్వాత వినబడింది.

ఆయన అలిగిన సంగతి కూడా న్యాయమే. వాళ్ళ మారీ ఊరికి పక్కనే పాత మెర్వ్ నగరం ఉంది. ఆ ప్రాంతంలోనే దందానకాన్ దగ్గర 1040లో ఒఘుజ్‌లలోని సెల్జుక్ వంశం వాళ్ళు గజనీ మసూద్‌ని ఓడించారు. సోమనాథ్ మీదికి వచ్చిన మహమూద్ కొడుకే ఈ మసూద్. ఆ గెలుపుతో ఒఘుజ్‌లకి ఇరాన్ తలుపు తెరుచుకుంది, అక్కడినుంచి ఇప్పటి టర్కీ దాకా పోయారు. కాబట్టి టర్కీవాళ్ళూ మీ భాయ్ వాళ్ళూ పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ లాంటివాళ్ళు. చిన్నాన్న కొడుకుని పట్టుకుని పెదనాన్న ఇంటిపేరుతో పిలిస్తే అలగడా మరి? ఇరాక్‌లో, సిరియాలో కూడా ఇదే పేరుతో పిలిపించుకునే జనం ఉన్నారు, వాళ్ళు ఇంకో శాఖ.

రాజోలు గేట్లు (శనివారం ఉదయం)

పంతులుగారూ, మీకు దణ్ణం. రెండుసార్లు చదివాను. నట్టనడుమ దగ్గర మా అమ్మాయికి ఠక్కున అర్థమైంది, నాకు కొజమాన్ దగ్గర. మా బావకి ఇంకా అవలేదు. ‘మరి ముసల్మాన్‌లో మాన్ ఏంట్రా’ అని అడుగుతున్నాడు.

పాత పంతులు, భీమవరం (శనివారం ఉదయం)

అందులో మానే లేదని చెప్పండి. ముస్లిం అన్న మాటకి పారశీకంలో ‘ఆన్’ చేరింది. మకారం ముస్లింలోదే.

నర్సాపురం లేసు (శనివారం మధ్యాహ్నం)

తురక మానవుడు అన్నదానికి నేనొక మాట చెప్పాలి. కోపం లేదు, నవ్వుతూనే రాస్తున్నాను. మేము ముస్లింలం. మా అమ్మమ్మ, వాళ్ళ అమ్మ అందరూ ఈ గోదారి గట్టునే పుట్టారు. మా ఇంట్లో ఆవకాయ జాడీ ముట్టుకోవడానికి ఉన్నన్ని రూల్సు ఇంకెక్కడా ఉండవు. తుర్కీ భాషలో ఒక్క ముక్క రాదు. అయినా చిన్నప్పుడు బళ్ళో ‘తురకోళ్ళ పిల్ల’ అనే అనేవారు. అది ఎక్కడో మంగోలియా రాళ్ళ మీద చెక్కిన ఒక జాతి పేరని ఈ రోజు చదివాను! మీ చార్టు మీద తుర్కు అనే రాయించండి, తురక అని వద్దు. పిల్లలు చదువుతారు.

ఇంకోటి. జెండా బొమ్మ వేసేటప్పుడు జాగ్రత్త. ఆకుపచ్చ మీద నిలువుగా ఎర్ర పట్టీ ఉంటుంది. అందులో పైనుంచి కిందికి అయిదు తివాచీ డిజైన్లు ఉంటాయి, వాటిని గుల్ అంటారు. అయిదూ ఒకటి కాదు. తెకె, యోముత్, సారిక్, చౌదుర్, అర్సారి, ఇలా ఒక్కో తెగకి ఒక్కో గుల్. మేము లేసు అల్లేవాళ్ళం కనక నాకు ఆ జెండా చూడగానే కళ్ళు దానిమీదే పడ్డాయి. ఒక దేశం జెండా మీద ఆడవాళ్ళు నేసిన డిజైను! ఆ తివాచీలు చాలాకాలం బుఖారా తివాచీలనే పేరుతో ప్రపంచమంతా అమ్ముడయ్యాయి, ఎందుకంటే బేరం జరిగేది బుఖారా బజారులో. నేసింది తుర్క్‌మెన్ ఆడవాళ్ళు, పేరు బజారుది. మేము అల్లిన టేబుల్ క్లాతులకి అవతల షోరూములో ఏ పేరు చీటీ కడతారో మాకు మాత్రం ఏం తెలుసు.

ధవళేశ్వరం లాకులు (శనివారం రాత్రి)

ఆలస్యంగా చూశాను. తుర్క్‌మెన్‌లు ఎక్కడో ఎడారిలో ఉన్నారనుకుంటున్నారు కానీ ఆ రక్తం మన గోదారి నీళ్ళు తాగి చాలాకాలమైంది. గోల్కొండ కుతుబ్‌షాహీలు ఎవరనుకున్నారు?

వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లో హమదాన్ వైపువాడు. కరా కొయున్లు అనే తుర్క్‌మెన్ వంశం వాళ్ళది. కరా అంటే నలుపు, కొయున్ అంటే గొర్రె, అంటే నల్లగొర్రెల వాళ్ళు. వీళ్ళకి పోటీ అక్ కొయున్లు, తెల్లగొర్రెల వాళ్ళు. 1467లో తెల్లవాళ్ళ చేతిలో నల్లవాళ్ళు చితికిపోయారు. ఆ కుటుంబంలోని కుర్రాడు దక్కన్‌కి వచ్చి బీదరులో బహమనీల కొలువులో చేరి, పైకొచ్చి, చివరికి గోల్కొండకి మొదటి కుతుబ్‌షా అయ్యాడు. ఆయన కొడుకు ఇబ్రహీం కాలంలోనే, 1570ల మొదట్లో, రాజమహేంద్రవరం గోల్కొండ కిందికి వచ్చింది.

మీరు పేర్ల గురించి మాట్లాడుకుంటున్నారు కనక ఇది చెప్పకుండా ఉండలేను. ఆ ఇబ్రహీం తెలుగు కవుల్ని ఆదరించాడు, కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. మలిక్ ఇబ్రహీంలో మనవాళ్ళకి రాముడు వినబడ్డాడు! పంతులుగారు చెప్పిన అలెగ్జాండర్ కథకి ఇది ఏం తీసిపోయింది?

ఢిల్లీలో తుర్క్‌మాన్ గేటు కూడా ఉంది, కానీ అది దేశాన్ని బట్టి కాదు, ఆ పక్కన సమాధి ఉన్న సూఫీ షా తుర్క్‌మాన్ పేరు మీద. గేట్లు మీ సబ్జెక్టు కనక చెప్పాను.

రాజోలు గేట్లు (ఆదివారం రాత్రి)

ఇదిగో, ఇప్పుడే అయింది.

మధ్యాహ్నం భాయ్‌కి ఫోన్ చేశాను. నా హిందీ, ఆయన హిందీ, మధ్యలో సిగ్నలు. ముందు ‘తుర్కుల్లా ఉన్నవాళ్ళు’ అనే కథ చెప్పాను, అది నా తెలివితక్కువ. ‘లాగా ఏంటి? అంటే నేను డూప్లికేటా?’ అని గొంతు లేపాడు. వెంటనే పంతులుగారిది అందుకుని ‘కాదు భాయ్, అస్లీ తుర్క్, ఏక్ నంబర్’ అన్నాను. చల్లబడ్డాడు. ఆ ముక్క పక్కనున్నవాళ్ళకి కూడా వాళ్ళ భాషలో చెప్పినట్టున్నాడు, నవ్వులు వినిపించాయి. అయినా చివర్లో మళ్ళీ గుండె మీద కొట్టుకుని ‘మెన్ తుర్క్‌మెన్’ అన్నాడు. వాళ్ళ నాన్న చెప్పింది ఆయన వదలడు. నేనూ ఒత్తిడి చెయ్యలేదు. నల్లగొర్రెల వాళ్ళు మమ్మల్ని ఏలారంటే మాత్రం నమ్మలేదు, ఫొటో పంపమన్నాడు. గోల్కొండ కోట ఫొటో పంపాను.

కరా అంటే నలుపన్నారు కదా, ఆయన్నీ అడిగాను. వాళ్ళ ఎడారి పేరు కరకుమ్ కూడా అదేనట, కుమ్ అంటే ఇసుక. మా అంతర్వేది వైపు ఒడ్డున నల్ల ఇసుక ఉంటుంది, ఆ లెక్కన మాదీ కరకుమ్మే.

చార్టు మీద మా అమ్మాయి ఇలా రాసింది. ‘తుర్క్‌మెన్ అంటే అసలు సిసలు తుర్కులు అని పండితులు అంటారు. నేను తుర్కుని అని మా నాన్న ఫ్రెండు అంటాడు.’ రెండోది తీసెయ్యమంటే తియ్యలేదు. ఎవరు చెప్పారో రాశాను కదా అంటుంది. తురక అనే మాట ఎక్కడా లేదు, నర్సాపురం మేడంగారూ. గుల్‌లు అయిదూ వేరువేరుగానే వేసింది, మూడోది కొంచెం లడ్డూలా వచ్చింది.

దర్వాజా మంటల ఫొటో అతికించి, పక్కన పాశర్లపూడి కూడా పెడదామన్నాను. ‘అది మన దేశం నాన్నా, మార్కులు కట్ చేస్తారు’ అంది. సరే అన్నాను.

ఒక్కటే మిగిలింది. ఎర్ర స్కెచ్చు కదా, ‘టర్కీ మగవాళ్ళు’ మీద తెల్లకాగితం అతికించినా మగవాళ్ళు లీలగా కనబడుతున్నారు. దాని మీద గుర్రం బొమ్మ వేసేస్తే సరిపోతుందట. అక్కడి అహల్‌తెకె గుర్రాలు ప్రసిద్ధి, పేరులో తెకె అన్నది జెండా మీదున్న తెగదే. మెడ, తల బాగానే వేసింది. కాళ్ళు దానికి రావడం లేదు. కిందటేడు గేటుకి గుర్రం చేశావు కదా, నువ్వెయ్యి అని పెన్సిలు నా చేతికిచ్చి పడుకుంది. అది ఇనుములో చేశానండి. కాగితం మీద నాకూ రాదు.